గుల్లబారు ఎముకలు – ఆమినో ఆమ్లములు

ఎముక యనగానే మనకు సున్నము స్ఫురించును. కోడికాలి ఎముకను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లములో కొన్ని దినములు నానవేసి చూడుడు. సున్నపు లవణములు కరిగిపోవును. ఎముక ఆకారము మాత్రము చెడదు. కాని రబ్బరువలె వంగును. ఇట్లు మిగిలినది కొల్లాజెన్ అను మాంసకృత్తు. తరగతిలో సులువుగా చూపదగిన ఈ ప్రయోగమునుండియే ఒక ప్రశ్న పుట్టును. ముట్లుడిగిన తరువాత స్త్రీల ఎముకలు గుల్లబారునప్పుడు లోపించునది సున్నమా, మాంసకృత్తా?

ఈ మాంసకృత్తును విడగొట్టి చూచిన మొదటివారిలో ఫ్రాన్సు దేశపు హెన్రీ బ్రాకొనో ఒకడు. కొల్లాజెనును ఉడికించినచో జెలటిన్ వచ్చును గదా! 1820లో అతడు జెలటినును గంధకికామ్లముతో కాచి తియ్యని స్ఫటికములను పొందెను. దానినే నేడు గ్లైసిన్ అనుచున్నాము. ఆ కాలమున పారిస్ నగరములో పేదలకును రోగులకును ఎముకల జెలటినుతో చేసిన చారు పోయుచుండిరి. అది మాంసమునకు బదులు కాగలదా యని విచారించుటకు మజెండీ అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడెను. కేవలము జెలటినుతో కుక్కలు బ్రతుకజాలవని ఆ సంఘము 1841లో తేల్చెను. కారణము మాత్రము అప్పటికి తెలియదు. జెలటినులో ట్రిప్టోఫాన్ అను అత్యవసరమైన ఆమినో ఆమ్లము లేదు. ఆ ఆమ్లమును హాప్‌కిన్సు, కోల్ అనువారు కనుగొనునప్పటికి 1901వ సంవత్సరము వచ్చినది.

ఇక వ్యాధి సంగతి. నీళ్ల బిందె నెత్తబోయి వెన్నుపూస నలిగిన ముసలమ్మలు, ఇంటిలోనే కాలుజారి తుంటి విరుగగొట్టుకొని మంచము పట్టినవారు ప్రతి యూరను కలరు. దీనిని వార్ధక్య సహజమని చాలకాలము త్రోసిపుచ్చిరి. బోస్టను నగరమందలి మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అట్లు ఊరకుండలేదు. 65 ఏండ్లు నిండకమునుపే ఎముకలు గుల్లబారిన 42 మంది రోగులలో 40 మంది ముట్లుడిగిన స్త్రీలేయని 1941లో ఆయన, ఆయన సహచరులు ప్రకటించిరి. ఈ ఒక్క లెక్క రోగమూలమును అండాశయముల వైపు త్రిప్పినది.

రోగుల రక్తములో కాల్షియము సరిగానే యుండెను. కాబట్టి లోపము సున్నములో లేదు, సున్నము పట్టవలసిన మాంసకృత్తు అల్లికలో నున్నదని ఆల్‌బ్రైట్ వాదించెను. ఈస్ట్రొజెన్ హార్మోను తగ్గగా ఎముకను నిర్మించు కణములు మందగించునని ఆయన తలంపు. ఈస్ట్రొజెన్ ఇచ్చినచో రోగి దేహమునుండి పోవు కాల్షియము తగ్గెను. చికిత్స ఫలించినది గాని వివరణము సగమే నిలిచినది. ఎముకను కరగించు కణములకు ఈస్ట్రొజెన్ కళ్లెమువంటిదనియు, అది తొలగినప్పుడు కట్టుటకంటె కూల్చుట హెచ్చగుననియు తరువాతి పరిశోధనలు చూపినవి. హార్మోను చికిత్సకును చిక్కులు లేకపోలేదు. 2002లో అమెరికాలో ఈస్ట్రొజెన్, ప్రొజెస్టిన్ కలిపి యిచ్చిన పెద్ద పరీక్షలో తుంటి విరుగుట తగ్గెను. రొమ్ము కాన్సరు, పక్షవాతము పెరిగెను.

కొల్లాజెన్ నిర్మాణమును విప్పిన ఘనత మన పొరుగువారిది. మద్రాసు విశ్వవిద్యాలయములో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954, 1955 సంవత్సరములలో దాని ముప్పేట అల్లికను వివరించిరి. కంగారూ తోక నరమును ఎక్స్-కిరణములతో పరీక్షించి సాధించిన ఫలమిది! ప్రతి పేటలోను మూడవ స్థానమున గ్లైసిన్ తప్పక యుండును. బ్రాకొనో రుచి చూచిన తియ్యదనమునకు మూలము ఇదియే. కొల్లాజెన్ పోగులను ఒకదానితో నొకటి బిగించు కట్లు లైసిన్ నుండి ఏర్పడును.

ఇట్లుండగా మాంసకృత్తుపైననే నింద పడినది. దానిని ఎక్కువగా తిన్నచో మూత్రములో కాల్షియము హెచ్చునని 1920లోనే షెర్మన్ గమనించెను. ఆహారములోని ఆమ్లమును విరుచుటకు ఎముక కరుగునని 1968లో వాక్మన్, బెర్న్‌స్టీన్ ఊహించిరి. ఊహ అందమైనదే, పలువురు నమ్మిరి కూడ. కాని 2000లో ఫ్రామింగ్‌హామ్ పట్టణపు వృద్ధుల పరిశీలన దీనికి ఎదురుతిరిగినది. తక్కువ మాంసకృత్తు తిన్నవారికే ఎముక ఎక్కువ తరిగెను. మూత్రములో కనబడిన అదనపు కాల్షియము ఎముకనుండి గాక, పేగులు ఎక్కువగా పీల్చుకొనినదానినుండి వచ్చుచున్నదని 2005లో కెర్‌స్టెటర్ బృందము ఐసోటోపులతో చూపెను. అంతకుమునుపే, 1998లో, జెనీవాలో తుంటి విరిగిన 82 మంది వృద్ధులపై జరిగిన పరీక్షలో, దినమునకు 20 గ్రాముల మాంసకృత్తు 6 నెలలు తీసికొనినవారికి తొడ ఎముక క్షీణత తగ్గినది.

మరి అంగడిలో దొరకు ఆమినో ఆమ్లపు బిళ్లల మాట? లైసిన్ వలన పేగులు కాల్షియమును మెరుగుగా పీల్చుకొనగలవని 1992లో ఒక చిన్న పరిశోధన సూచించినది. పీల్చుకొనుట వేరు, ఎముక విరుగకుండుట వేరు. ఆ రెండవదానిని లైసిన్ బిళ్లలు ఋజువు చేయలేదు. వరి, గోధుమ, జొన్నలలో లైసిన్ తక్కువ. కంది, పెసరలలో హెచ్చు. పప్పు కలుపుకొని తినువారికి బిళ్ల చేయగల మేలు ఎంతయో సందేహమే. ఇటీవల కొల్లాజెన్ పొడులు కూడ వచ్చినవి. 2018లో ప్రకటితమైన ఒక పరీక్షలో ముట్లుడిగిన స్త్రీలకు దినమునకు 5 గ్రాముల చొప్పున ఏడాది యిచ్చిరి. ఎముక సాంద్రత కొంత పెరిగెను. అది చిన్న పరీక్షయే. సంపూర్ణాహారముగా మాత్రము ఆ పొడి పనికిరాదు. వేరుగా కలిపిన తప్ప దానిలో నేటికిని ట్రిప్టోఫాన్ లేదు.