సంజ్ఞ, స్వరూపం: ఒక లుప్తాక్షరం కథ

గోదావరీ ప్రాణహితల సంగమం చెంత ఒకే పానవట్టంపై రెండు లింగాలు వెలసిన కాళేశ్వరం పరిసరాల శాసనపాఠాలను కంప్యూటరులో చేరుస్తూ, శిథిలాక్షరం ఉన్నచోటల్లా '_' గుర్తు పెట్టాను. ఆ గుర్తును వెదికితే పట్టికంతా బారులు తీరి వచ్చింది!

కారణం పాతదే. 1974లో ఐబీఎంకు చెందిన చాంబర్లిన్, బాయిస్ ప్రకటించిన సీక్వెల్ భాషే తరువాత ఎస్క్యూఎల్ పేరుతో 1986లో అమెరికా ప్రమాణమైంది. అందలి 'లైక్' పోలికలో '%' ఎన్ని వర్ణాలకైనా, '_' ఏ ఒక్కదానికైనా సంజ్ఞ. యూనికోడులో 'శ్వ' అంటే శకారం, పొల్లు, వకారం. కనుక 'కాళే_వరం' అని అడిగితే కాళేశ్వరం దొరకదు, రెండు గీతలు కావాలి.

వ్యాకరణంలో శబ్దం స్వరూపాన్నే బోధిస్తుందనీ, సంజ్ఞలు మాత్రం మినహాయింపనీ పాణిని అష్టాధ్యాయి 1.1.68లో ఏనాడో చెప్పాడు. సంజ్ఞను మళ్ళీ స్వరూపానికి తెచ్చేదే 'ఎస్కేప్' నియమం. '\' ను తప్పింపు గుర్తుగా ప్రకటించి '\_' అని వ్రాయాలి. పాఠకుడిచ్చిన మాటలో ముందుగా '\' ను రెట్టింపు చేసి, ఆ పిదపే '%', '_' ల ముందు దానిని చేర్చాలి. క్రమం తప్పితే మనం చేర్చినవే రెట్టింపవుతాయి.

మిత్రులారా, లుప్తాక్షరం లుప్తంగానే దొరకాలి. అక్కడ ఏ అక్షరమైనా చెల్లుననడం శాసనకర్తకు ద్రోహమే కదా!