క్రియాటినిన్ తక్కువొస్తే

మందసలో క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరికీ వివరించక్కర్లేదు. ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని ఖాళీ చేసిందో చూసినవాళ్లు, రక్తపరీక్ష కాగితం చేతికొస్తే ముందు ఆ అంకె కోసమే వెతుకుతారు. పన్నెండేళ్ల మా మేనల్లుడికి 0.2 వచ్చిందని అక్క సంబరపడింది. "తక్కువే ఉంది, కిడ్నీలు బాగున్నట్టే కదేటిరా?" అంది. ఔనన్నాను. తొందరపడ్డానని తర్వాత తెలిసింది.

వాడిది డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. రెండేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఉంటున్నాడు.

ఈ అంకెకి మన చరిత్రలో కూడా ఒక కొస ఉంది. మూత్రంలో క్రియాటినిన్‌ని రంగుతో కొలిచే పద్ధతిని 1904లో తెచ్చినవాడు ఆటో ఫోలిన్. తర్వాత హార్వర్డ్‌లో ఆయన నడిపిన విభాగంలోనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని కనుక్కున్నారు. కండరానికి అప్పటికప్పుడు శక్తినిచ్చే నిల్వ అది. అందులోని క్రియాటినే రోజూ కొంచెం కొంచెంగా క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. కండ కరిగితే క్రియాటినినూ తగ్గుతుంది. అంటే మావాడి 0.2 కిడ్నీల సంగతి చెప్పలేదు, కండ ఎంత మిగిలిందో చెప్పింది.

డుషెన్ ఈ జబ్బుని వర్ణించింది 1860ల్లో. దెబ్బతిన్న కండరంలోంచి క్రియాటిన్ కైనేజ్ రక్తంలోకి కారుతుందని జపాన్‌లో సెత్సురో ఎబాషి బృందం 1959లో చూపింది. లోపించిన ప్రొటీన్‌కి డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టేసరికి 1987 వచ్చింది. అది గుండె కండరానికీ కావాలి. నడవని పిల్లాడికి ఆయాసం తెలీదు కాబట్టి, గుండె బలహీనపడుతున్నా చాలాకాలం బయటపడదు. చూడాల్సింది ఎకోలోనే.

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు, లోహంలో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని గుండె మీద పెట్టి చూశారు. ఎకో అలా పుట్టింది. విశాఖలో మావాడికి ఎకో తీసినప్పుడు ఎజెక్షన్ ఫ్రాక్షన్ 56 అన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరుగారు మాత్రం తెర మీద ఎడమ జఠరిక వెనక గోడని చూపించారు. మిగతా గోడలు లోపలికి ముడుచుకుంటుంటే అది కదిలీ కదలనట్టుంది. డుషెన్‌లో మచ్చ కట్టడం సాధారణంగా అక్కడే మొదలవుతుందట. మా ఆఫీసులో సర్వర్ల సగటు బాగున్నంత మాత్రాన ఒకటి చచ్చిపోలేదని ఎవరం నమ్మం. అక్కడ మాత్రం నమ్మేశాను.

గోడ కదలిక ముందే చూడడం వల్ల ఏం లాభం అంటారా? పెరిండోప్రిల్ మాత్రని పంపింగు తగ్గకముందే మొదలుపెడితే, గుండె బలహీనపడడం వాయిదా పడుతుందని 2005లో ఫ్రెంచ్ వైద్యులు రాశారు. నయం కాదు, వాయిదా. మావాడికి ఆ కోవ మాత్రే ఒకటి మొదలుపెట్టారు.

అక్కకి ఇదంతా ఫోన్లో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అంతా విని, "అయితే ఏటా తియ్యాలన్నమాట" అంది. కిడ్నీ కాగితాలు దాచే డబ్బాలోనే ఎకో కాగితం కూడా పెట్టింది.