ఇంటి పసుపు, పనివాని నీలి
కళింగాంధ్ర తీరంలో చెట్టు రంగుల చరిత్ర

వంశధార నది ఒడిశా కొండలలో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి, కళింగపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. నదికి కొంత ఎగువన శాలిహుండం కొండపై బౌద్ధుల స్తూపాలున్నాయి. ఊరిలో షేక్ మదీనా పేరిట వెలసిన దర్గా ఉన్నది. తీరంలో ఓడలకు దారి చూపే దీపస్తంభం ఉన్నది. ఒకప్పటి రేవులో ఓడల సందడి అణగిపోయి చాలా కాలమైంది. ఇటువంటి రేవుల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా రాజులను, వర్తక కంపెనీలను, ఎగుమతి సరుకులను పేర్కొంటారు. బట్ట ఎంత అమ్ముడుపోయిందో చెబుతారు. ఆ బట్టకు రంగు ఎక్కడిది, ఎవరు వేశారు అన్న ప్రశ్న మాత్రం తరచుగా మరుగున పడుతుంది.

రంగుకు కావలసినవన్నీ ఈ ప్రాంతపు ప్రకృతిలోనే ఉన్నాయి. తూర్పు కనుమల అడవులలో కరక్కాయ, మోదుగ పువ్వు, సురుగుడు చెక్క, వసంతగుండ లభిస్తాయి. మైదానపు పొలాలలో పసుపు, కుసుమ, నీలి పండుతాయి. కోరమాండల్ తీరపు ఇసుక నేలలలో చిరివేరు పెరుగుతుంది. అడవిలో ఏరేవారు, పొలంలో పండించేవారు, ఇసుకలో వేరు త్రవ్వేవారు, నేసేవారు, ఉతికేవారు, అద్దేవారు వేర్వేరు కులాలవారు, వేర్వేరు మతాలవారు. వీరందరి చేతుల మీదుగా నడిస్తేనే తెల్లని బట్ట రంగు బట్ట అయ్యేది.

ఈ రంగులను రెండు తరగతులుగా విభజించవచ్చు. ఇంటిలో స్త్రీలు వేసుకొనే రంగులు మొదటివి. వృత్తి పనివారు వేసే రంగులు రెండవవి. వీటి మధ్య భేదాన్ని గ్రహిస్తేనే ఈ కళలో ఏది నిలిచిందో, ఏది నశించిందో, ఎందుకు నశించిందో బోధపడుతుంది.

ఇంటి రంగులు

ఇంటి రంగులలో మొదటిది పసుపు. దీనికి పటిక అక్కరలేదు, కాగు అక్కరలేదు. నీటిలో కలిపి బట్టను ముంచితే చాలు, పట్టుకుంటుంది. అయితే ఎండ తగిలితే వెలిసిపోతుంది. సున్నంగాని సబ్బుగాని సోకితే ఎర్రబారుతుంది. మోదుగ పువ్వులను మరిగిస్తే నారింజ ఛాయ గల పసుపు రంగు వస్తుంది. అదీ చిరకాలం నిలిచేది కాదు.

కుసుమ పువ్వు పని మరికొంత సూక్ష్మమైనది. ఆ పువ్వులో రెండు రంగులున్నాయి. ముందుగా పూలను మంచినీటిలో పలుమార్లు కడిగి, నీటిలో కరిగే పసుపు రంగును తీసివేస్తారు. తరువాత బూడిద తేటలో నానవేస్తే ఎరుపు దిగుతుంది. అందులో పులుపు కలిపితే ఆ ఎరుపు నూలును పట్టుకుంటుంది. కంటికి ఇంపైన గులాబి రంగు ఇది. ఒకటి రెండు ఉతుకులతో వెలవెలబోతుంది.

ఇస్లామీయ గ్రంథాలు చదివినవారికి కుసుమ రంగు కొత్తది కాదు. కుసుమతో అద్దిన వస్త్రాన్ని అరబ్బీలో ‘ముఅస్ఫర్’ అంటారు. పురుషులు దానిని ధరించడాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) వారించినట్లు సహీహ్ ముస్లింలో హదీసు ఉన్నది. దాని వర్తింపు విషయంలో ఫిఖ్హ్ పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఇహ్రాంలో ఉన్నవారు కుంకుమపువ్వుతోను, ‘వర్స్’ అనే యెమెన్ మొక్కతోను అద్దిన బట్టలు ధరించరాదు. ఏ రంగు ఏ మొక్కనుండి వచ్చిందో తెలియనివారికి ఈ నియమాల స్వరూపం సరిగా అందదు. నేడు కుసుమ రంగు బట్టను చూసినవారే అరుదు.

ఇంటిలో కొంత నిలిచే రంగు కావాలంటే కరక్కాయ, పటిక, దానిమ్మ తొక్క సహాయం చేస్తాయి. నూలు బట్టను గంజి పోయేటట్లు ఉడికించి ఉతకాలి. కరక్కాయ పొడి కలిపిన నీటిలో నానవేసి, పిండి, నీడలో ఆరబెట్టాలి. బట్ట బరువులో పదవ వంతు నుండి ఐదవ వంతు వరకు పటికను వేడినీటిలో కరగించి అందులో ఉంచాలి. దానిమ్మ తొక్కలను మరిగించి వడకట్టిన కషాయంలో సన్నని సెగపై సుమారు గంటసేపు ఉడికిస్తే మట్టి ఛాయ గల పసుపు రంగు వస్తుంది. నూలు స్వభావతః చాలా చెట్టు రంగులను గట్టిగా పట్టుకోదు. కరక్కాయలోని వగరు పటికను నూలుకు కట్టివేస్తుంది, పటిక రంగును కట్టివేస్తుంది. ఈ కళకంతటికీ ఆధారసూత్రం ఇదే.

ఈ రంగులు పెళ్ళిళ్ళకు, పండుగలకు పనికివచ్చేవి. దక్కనీ ముస్లిం కుటుంబాలలో పెళ్ళికి ముందు ‘మాంజా’ నాడు పెండ్లికూతురు కట్టే పసుపు బట్టలు, హిందువుల ఇండ్లలో పెండ్లినాటి పసుపు బట్టలు ఒకే కొమ్ము నుండి వచ్చినవి. రంగు వెలిసినా విచారం లేదు. మళ్ళీ వేసుకోవచ్చు. వెలిసిపోయేది కనుకనే ప్రతి ఇంటా ఆ విద్య సజీవంగా ఉండేది. తల్లి వేయగా కూతురు చూసి నేర్చుకొనేది. దానిని ఎవరూ కాగితంపై పెట్టవలసిన అవసరం రాలేదు.

పనివారి రంగులు

నిలిచే రంగులు రెండు: చిరివేరు ఎరుపు, నీలి మందు నీలం. ఈ రెండూ వృత్తి పనివారివి.

చిరివేరు ఇసుక నేలలో పెరిగే చిన్న మొక్క. రంగు దాని వేరు బెరడులో ఉంటుంది. బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. పాలలోని జిడ్డు వల్ల పటిక నీరు చెదరకుండా గీసినచోటనే నిలుస్తుంది. పటికతో గీసిన భాగం చిరివేరుతో కాచినప్పుడు ఎర్రబడుతుంది. పాత ఇనుప ముక్కలను బెల్లం నీటిలో పులియబెట్టి తీసిన కసిమితో గీసినది కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. తరువాత పారేటి నీటిలో ఉతికి, ఎండలో పరచి, నీళ్ళు చిలకరిస్తూ నేలను తెల్లబరుస్తారు. నీరు మారితే రంగు మారుతుంది. అందుచేత అద్దకపువారు నదిని, కాలువను విడిచి దూరంగా పోలేదు.

నీలి పని వేరు. నీలి మందు నీటిలో కరగదు. పనివారు కుండలో సున్నపు తేట, ఉడికించిన తగిరిస గింజలు చేర్చి పులియబెట్టేవారు. పులిసిన కుండలో నీలి తన రంగు కోల్పోయి కరుగుతుంది. అందులో ముంచి తీసిన బట్ట మొదట పసుపుపచ్చగా కనిపించి, గాలి తగిలిన కొలది నీలమవుతుంది. కుండ వాసన, నురుగు, రంగు చూసి అదను కనిపెట్టడం ఏళ్ళ తరబడి నేర్చుకొనే విద్య. 1781 నుండి కొన్నేళ్ళపాటు సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అంకుడు చెట్టు ఆకుల నుండి కూడా నీలి తీయవచ్చునని వివరించాడు. 1795లో వెలువడసాగిన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిరివేరుకు కూడా స్థానమిచ్చాడు.

ఇక ఆకుపచ్చ. నూలుకు నిలిచే ఆకుపచ్చను నేరుగా ఇచ్చే మొక్క ఈ పనివారి చేతిలో లేదు. ముందు నీలి వేసి, దానిపై పసుపు వేస్తేనే ఆకుపచ్చ వస్తుంది. తెలుగులో ‘పచ్చ’ అనే మాట పసుపుకూ, ఆకు రంగుకూ రెండింటికీ చెల్లడం ఈ సందర్భంలో గమనించదగినది. దర్గాలలో కప్పే ఆకుపచ్చని చాదరు చెట్టు రంగుల కాలంలో ఈ విధంగా రెండు రంగుల కలయికతో తయారు కావలసిందే. ఎండకు పసుపు వెలిసిపోతే అడుగున నీలం మిగులుతుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల ఉన్న కోరమాండల్ కలంకారీ వస్త్రాలలో అనేకచోట్ల చెట్ల ఆకులు నీలంగా కనిపించడానికి కారణం ఇదే.

రంగుపై హక్కు

రంగు ఎవరిది అన్న ప్రశ్నను ఇస్లామీయ ధర్మశాస్త్రం నిశితంగా విచారించింది. హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన ‘హిదాయా’ భారతదేశపు మదరసాలలో తరతరాలుగా బోధింపబడుతున్న హనఫీ గ్రంథం. ఒకడు ఇంకొకని తెల్లబట్టను అన్యాయంగా తీసుకొని ఎర్రరంగు వేశాడనుకుందాం. బట్ట యజమాని తెల్లబట్ట ఖరీదు పుచ్చుకొని దానిని వదులుకోవచ్చు. లేదా రంగు వల్ల పెరిగిన విలువ చెల్లించి బట్టను తీసుకోవచ్చు. తప్పు చేసినవాని రంగుకు సైతం విలువ కట్టడం ఇక్కడి విశేషం. నల్లరంగు వేస్తే విలువ తగ్గినట్లు ఇమామ్ అబూ హనీఫా భావించగా, పెరిగినట్లు ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ భావించారు. అబ్బాసీల కాలంలో నల్లబట్టలు వాడుకలోకి రావడమే ఈ భేదానికి కారణమనీ, ఇది కాలభేదమే గాని సూత్రభేదం కాదనీ వ్యాఖ్యాతలు వివరించారు.

కూలి విషయంలో మరొక నియమం ఉన్నది. రంగు వేసేవాడు తన కూలి ముట్టేవరకు బట్టను తనవద్ద ఉంచుకోవచ్చు. బరువు మోసే కూలివానికి ఈ హక్కు లేదు. మొదటివాని శ్రమ వస్తువులో కంటికి కనిపించేటట్లు నిలిచి ఉన్నది, రెండవవాని శ్రమ అట్లా నిలవలేదు అన్నది దీనికి చూపిన హేతువు.

ఈ తర్కంలో వృత్తి పనివానికి రక్షణ ఉన్నది. ఇంటిలో పసుపు వేసిన స్త్రీ ప్రసక్తి లేదు. ఆమెకు కూలి లేదు గనుక వివాదం లేదు. వివాదం లేదు గనుక లేఖ్యం లేదు.

రేవులు, కంపెనీలు

16వ శతాబ్దం ఉత్తరార్ధంలో గోలకొండ అధికారం కళింగ తీరానికి విస్తరించింది. కుతుబ్‌షాహీల ప్రతినిధి షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో నిర్మించిన జామియా మసీదు శ్రీకాకుళంలో ఆనాటి చిహ్నంగా నిలిచి ఉన్నది. గోలకొండకు ప్రధానమైన రేవు మచిలీపట్నం. అక్కడ స్థిరపడిన ఇరాన్ వర్తకుల అభిరుచి ననుసరించి మిహ్రాబు చిత్రించిన జానిమాజులు, తెరలు తయారై పర్షియాకు వెళ్ళేవి. కలంకారీ అనే పేరే పారశీకం. రంగ్రేజ్, రుమాల్ అనే మాటలూ అక్కడివే.

డచ్చివారు మచిలీపట్నంలోను, తరువాత భీమునిపట్నంలోను స్థావరాలు ఏర్పరచుకొన్నారు. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నం చేరారు. ఉతికినా పోని రంగుల బట్టలు ఐరోపాలో ఎంతగా వ్యాపించాయంటే, తమ నేతవారిని కాపాడుకొనడానికి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, 1721లోను వాటిపై నిషేధ చట్టాలు చేశాయి. ఈ విద్యారహస్యం తెలుసుకొనే ప్రయత్నమూ సాగింది. 1742లో పుదుచ్చేరి ప్రాంతం నుండి జెస్యూట్ ఫాదరీ కోర్దూ అద్దకపువారి నుండి సేకరించిన పద్ధతిని లేఖగా ఫ్రాన్సుకు పంపాడు. వ్రాసినవాని పేరు చరిత్రలో నిలిచింది. చెప్పినవారి పేర్లు నిలవలేదు.

1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి, 1765-66లో ఆంగ్లేయులకు సంక్రమించాయి. ముందుగా బయానా ఇచ్చి సరుకు కట్టుబడి చేయించుకొనే పద్ధతి కంపెనీ చేతిలో బిగుసుకొంది. బయానా తీసుకొన్నవాడు మరొకరికి అమ్మరాదు. 18వ శతాబ్దం చివర ఉత్తర సర్కారుల నేతగాండ్రు దీనిని ప్రతిఘటించారు. కూలి ముట్టేవరకు బట్టను పట్టి ఉంచుకొనే హక్కు ఫిఖ్హ్ గ్రంథంలో ఉండగా, బట్ట ఇచ్చేవరకు మనిషిని పట్టి ఉంచే అప్పు ఆచరణలోకి వచ్చింది.

కృత్రిమ రంగులు

1856లో లండన్‌లో పద్ధెనిమిదేండ్ల విలియం పెర్కిన్ తారు నుండి లభించే అనిలిన్‌తో ఊదారంగు తయారు చేశాడు. ‘అనిలిన్’ అనే పేరులో నీలి దాగి ఉన్నది. సంస్కృత ‘నీల’ పారశీకంలో ‘నీల్’ అయింది. అరబ్బీలో ‘అన్నీల్’, పోర్చుగీసులో ‘అనిల్’ అయింది. మొదట నీలి మందు నుండి తీసిన పదార్థం గనుక రసాయనానికి ఆ పేరు పెట్టారు. 1868లో జర్మన్ శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మన్ వేరు ఎరుపును కృత్రిమంగా సాధించారు. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిని బజారుకు తెచ్చింది. కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలలో విస్తారంగా సాగిన నీలి సేద్యం క్రమంగా అంతరించింది.

ఈ దెబ్బ రెండు తరగతుల రంగులపై ఒకే విధంగా పడలేదు. పనివారి విద్యకు పేరు, గిరాకీ, లేఖ్యాలు ఉన్నాయి. స్వాతంత్ర్యానంతరం కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి పూనికతో కలంకారీ పునరుద్ధరణ జరిగింది. మచిలీపట్నం పక్కన పెడనలో, శ్రీకాళహస్తిలో ఆ వృత్తి నేటికీ ఉన్నది. కొన్ని అజో రంగుల నుండి హానికర పదార్థాలు వెలువడతాయని 1994లో జర్మనీ వాటిని నిషేధించిన తరువాత చెట్టు రంగులకు మళ్ళీ ఆదరణ పెరిగింది. ఏటికొప్పాక లక్కబొమ్మలు కూడా చెట్టు రంగులతోనే 2017లో భౌగోళిక గుర్తింపు పొందాయి. ఆ బొమ్మల కర్ర అంకుడే.

ఇంటి రంగుకు అటువంటి ఆసరా లేదు. అది వెలిసిపోయేది, అప్పటికప్పుడు వేసుకొనేది, చవకైనది. పొట్లంలో దొరికే పొడి రంగు ఈ మూడు పనులనూ ఇంకా తేలికగా చేసింది. కాబట్టి పోటీ లేకుండానే ఇంటి విద్య తప్పుకొంది. ఒక తరం తల్లులు వేయకపోతే మరుసటి తరం కూతుళ్ళకు చూసే అవకాశమే లేదు. కుసుమ పువ్వు నుండి ముందు పసుపు తీసివేయాలన్న సంగతి, మోదుగ పూలు ఏ నెలలో ఏరాలన్న సంగతి ఏ కంపెనీ చిట్టాలోనూ లేవు.

మ్యూజియం వస్త్రంలో ఆకులు నీలంగా మిగిలినట్లే చరిత్రలోనూ పనివాని నీలి మిగిలింది, ఇంటి పసుపు వెలిసింది. అయితే ఈ నష్టం ఇంకా సంపూర్ణం కాలేదు. కరక్కాయ, పటిక, దానిమ్మ తొక్క నేటికీ ప్రతి ఊరి బజారులోనూ దొరుకుతాయి. పొందూరులో నూలు నేటికీ చేతితో వడుకుతున్నారు. శ్రీకాకుళం, కళింగపట్నం ప్రాంతాలలో మాంజా బట్టలకు ఇంట్లో పసుపు కలిపిన వృద్ధ స్త్రీలు ఉన్నచోట, వారు చెప్పే కొలతలను వారి పేర్లతో సహా వ్రాసి ఉంచడం చరిత్ర విద్యార్థుల మొదటి కర్తవ్యం. కోర్దూ కాలంలో జరిగిన లోపం మళ్ళీ జరుగరాదు.