సైనిక దార్ఢ్యము – ప్రభుత్వ ధర్మము

సైన్యమున చేరగోరు యువకుని ఎత్తు, బరువు, ఛాతీ చుట్టుకొలత, చూపు, దంతములు పరీక్షించిన పిదపనే అతనిని తీసికొనుట ఆధునిక రాజ్యములన్నిట ఆచారము. ఈ కొలతలు సైన్యమునకు మాత్రమే సంబంధించినవని సామాన్యముగా తలంతుము. కాని ఒక్కొక్కప్పుడు సైనిక వైద్యుని లెక్కల పుస్తకము దేశమునకే అద్దమగును. సేనాబలముతో పాటు బీదల యిండ్లలో పొయ్యి రాజుచున్నదో లేదో కూడ అందు కానవచ్చును. ఇందులకు బోయరు యుద్ధముకంటె మంచి నిదర్శనము మాకు తోచుట లేదు.

దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతివారగు బోయర్లకును బ్రిటిషువారికిని 1899 అక్టోబరు 11వ తేదీన యుద్ధము ప్రారంభమయ్యెను. గుఱ్ఱమెక్కి గురి తప్పక తుపాకి పేల్చగల రైతులే బోయర్లకు ముఖ్యబలము. ఇట్టివారిని క్రిస్మసు పండుగలోపుననే అణచివేయవచ్చునని లండనులో పలువురు నమ్మిరి. కాని డిసెంబరు 10 మొదలు 15వ తేదీ వఱకు స్టార్మ్‌బర్గు, మాగర్స్‌ఫాంటేను, కొలెన్సో అను మూడు తావులలో బ్రిటిషు సేనలు వరుసగా ఓడిపోయెను. ఆ వారమునకు ఆంగ్లేయులే 'నల్లవారము' అని పేరిడిరి.

వెంటనే యువకులు సైన్యమున చేరుటకై ముందుకు వచ్చిరి. వారి ఉత్సాహమునకు లోటు లేదు. లోటు దేహములలో కానవచ్చెను. ఆర్నాల్డు వైటు అను రచయిత 1901లో ప్రకటించిన లెక్క ప్రకారము మాంచెస్టరు నగరమున 11,000 మంది రాగా 8,000 మందిని వైద్యులు తిప్పి పంపివేసిరి. తీసికొనబడిన 3,000 మందిలోనైనను నిర్ణీత ప్రమాణమునకు సరిగా తూగినవారు 1,200 మందియే. అప్పటికే ఆ ప్రమాణము దిగివచ్చుచుండెను. 1845లో పదాతికి 5 అడుగుల 6 అంగుళముల ఎత్తు కావలసియుండగా, 1883 నాటికి 5 అడుగుల 3 అంగుళములు చాలుననిరి. చేరగోరిన అయిదుగురిలో రెండేండ్ల పిదప సైనికులుగా నిలుచువారు ఇరువురేయని 1902లో మేజర్ జనరల్ మారిస్ వ్రాసెను.

ఇందుకు కారణమేమి? ఆంగ్లజాతియే క్షీణించుచున్నదని కొందఱు వాదించిరి. ఈ వాదము నిజమైనచో ప్రభుత్వము చేయదగినది ఏమియు లేదు. కాని 1901లోనే సీబోమ్ రౌంట్రీ యార్కు నగరమున ఇల్లిల్లు విచారించి, జనులలో నూటికి ఇంచుమించు 28 మంది దారిద్ర్యమున మ్రగ్గుచున్నారని తేల్చియుండెను. 1903లో ప్రభుత్వము నియమించిన సంఘము మఱుసటి సంవత్సరము తన నివేదికను సమర్పించెను. జాతి తరతరమునకు క్షీణించుచున్నదనుటకు సాక్ష్యము లేదని ఆ సంఘము చెప్పెను. ఇఱుకు నివాసములు, చెడుగాలి, మద్యపానము, చాలని తిండి – ఇవియే ఆ బలహీనతకు హేతువులని అది యెత్తిచూపెను. ఫలితముగా 1906లో బడిపిల్లలకు భోజనము పెట్టుటకు స్థానిక సంస్థలకు అధికారమిచ్చు చట్టమును, 1907లో బడులలో వైద్యపరీక్షలను ఏర్పఱచు చట్టమును వచ్చెను. మొదటి చట్టము అనుమతించినదే గాని నిర్బంధింపలేదు. అయినను అది గొప్ప మార్పు. బిడ్డ ఆకలి తల్లిదండ్రుల చింతయే కాదు, రాజ్యమునకును చింతయేయని పార్లమెంటు ఒప్పుకొనెను.

ఈ ఘట్టమును తలంచినపుడు మాకు సంతోషముతో పాటు కొంత ఖేదమును కలుగును. ఆ పిల్లల ఆకలి నిన్న మొన్నటిది కాదు. తుపాకి మోయువాడు కఱవైనపుడు గాని అది పాలకుల కంట బడలేదు!

సరే, కొలతలకు తూగినవారందఱును యుద్ధమున నెగ్గిరా? 1900 జనవరి 23వ తేదీ రాత్రి స్పియన్‌కోప్ అను కొండ నెక్కిన బ్రిటిషు సైనికులు పరీక్షలో నెగ్గినవారే. పొగమంచులో వారు త్రవ్విన కందకము లోతు చాలలేదు. క్రింద కటిక ఱాయి. మంచు విడిన పిమ్మట చూడగా, అది కొండ అంచున లేదు. చుట్టు కొండలనుండి బోయర్ల ఫిరంగులు మ్రోగెను. సేనాని వుడ్‌గేటు పడిపోవగా, పిదప అధికార మెవరిదో తెలియక ఆజ్ఞలు తారుమారయ్యెను. ఆ రాత్రి బ్రిటిషువారు కొండ దిగిపోయిరి. బోయర్లలోను పెక్కురు అప్పటికే దిగిపోయి యుండిరి! సైనికుల సాహసమునకు లోపము లేదు. లోపము ఆలోచనలో, ఆజ్ఞలో, పనిముట్లలో ఉండెను. వానిని కొలుచు కొలబద్ద వైద్యుని చేత లేదు.

ఈ కొండ క్రిందనే మనవారి కథ కలదు. గాంధీజీ నేటాలులో కూర్చిన భారతీయ క్షతగాత్ర సేవాదళమున ఇంచుమించు 1,100 మంది యుండిరి. వారిలో 300 మంది స్వతంత్రులు. తక్కినవారిలో అత్యధికులు ఒప్పంద కూలీలు. 1860 మొదలు 1911 వఱకు నేటాలునకు పోయిన సుమారు 1,52,000 మంది కూలీలలో అధికభాగము మద్రాసు రేవున ఓడ నెక్కినవారు. తమిళులతో పాటు విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలముల తెలుగువారును వారిలో నుండిరి. చెఱకుతోటలలో పనిచేయు వీరిని యుద్ధమునకు తగినవారని ఎవరును ఎంచలేదు. గాంధీజీ మొదట సేవ చేయుదుమని వ్రాసినపుడు ప్రభుత్వము వలదనెను. కొలెన్సో ముంగిట మనుష్యుల అవసరము కలిగినపుడు అంగీకరించెను. గుండ్లు పడుచోటికి పోనక్కఱలేదని నిబంధన యుండినను, స్పియన్‌కోప్ వద్ద సేనాపతి బుల్లరు కోరగా వారు వెనుదీయలేదు. గాయపడినవారిని డోలీలపై మోయుచు దినమునకు 20, 25 మైళ్లు నడచిరి. లేడీస్మిత్తు ముట్టడిలో ప్రభుసింగు అను కూలీ, శత్రువుల ఫిరంగి మెఱుపు కనబడిన ప్రతిసారి గంట మ్రోగించి జనులను హెచ్చరించెను. అతనికి వైస్రాయి లార్డు కర్జను కాశ్మీరు వస్త్రమును బహూకరించెను.

ఇంతటి సేవ చేసిన జాతివారిపై, ఒప్పందము ముగిసినను స్వదేశమునకు మఱలనివారు ఏటేట చెల్లింపవలసిన మూడు పౌనుల పన్ను 1895 చట్టమువలన పడియేయుండెను. అది రద్దగుటకు 1914 వఱకు సత్యాగ్రహము నడువవలసివచ్చెను.

కొలతలు వలదని మా అభిప్రాయము కాదు. యుద్ధభూమిలో జాలి పనికిరాదు. ప్రమాణమును సడలించిన సైన్యము తన సైనికునికే అపకారము చేయును. కాని తూగని యువకుని త్రిప్పి పంపుటతో సైన్యము పని ముగియును. ప్రభుత్వము పని అచ్చటనే ఆరంభమగును. అతడేల తూగలేదని అడుగుట దాని ధర్మము. మఱి, ఎన్నడును లెక్కకు రానివాడు ఆపదవేళ డోలీ భుజమున కెత్తుకొన్నప్పుడు, ఆపద తీరిన పిదప అతనిని మఱువకుండుటయు ధర్మమే.