ప్రసవ స్థలం ఎంపిక

ప్రసవ స్థలం ఎంపిక అనగా గర్భవతి అయిన స్త్రీ నెలనెలా వైద్య పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలి, ఏ చోట పురుడు పోసుకోవాలి అనే విషయాలను ముందుగా నిర్ణయించుకోవడం. ఈ రెండూ ఒకే చోట జరగాలనే నియమం ఏమీ లేదు. తెలుగువారిలో తొలి కాన్పు పుట్టింటివారు జరిపించే ఆచారం ఉన్నందువలన పరీక్షలు అత్తవారి ఊరిలోను, ప్రసవం పుట్టింటి ఊరిలోను జరగడం సర్వసాధారణం. ఈ మార్పు ఏడవ నెల తరువాత, అంటే రక్తపోటు, రక్తహీనత వంటి చిక్కులు ఎక్కువగా బయటపడే సమయంలో జరుగుతుంది. కాబట్టి ప్రసవ స్థలాన్ని నెలలు నిండిన తరువాత కాక, గర్భం నిర్ధారణ అయిన తొలి నెలలలోనే ఆలోచించుకోవడం అవసరం.

పూర్వ స్థితి

ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం వరకు తెలుగు పల్లెలలో కాన్పులు ఇంటిలోనే, మంత్రసాని చేతి మీదుగా జరిగేవి. అనుభవజ్ఞురాలైన మంత్రసాని సాధారణ కాన్పును చక్కగానే జరిపించేది. కాని అధిక రక్తస్రావం, అడ్డం తిరిగిన బిడ్డ, గుర్రపువాతం వంటి వాటికి ఆమె వద్ద ఉపాయం ఉండేది కాదు. పరదా పద్ధతి పాటించే స్త్రీలు పురుష వైద్యుల వద్దకు వెళ్ళేవారు కారు. వారి కొరకు వెలసినవే ఘోషా ఆసుపత్రులు. విశాఖపట్నంలోని విక్టోరియా ఆసుపత్రిని నేటికీ చాలామంది ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. హైదరాబాదులో నిలోఫర్ ఆసుపత్రి 1953లో ప్రారంభమైంది. ఏడవ నిజాం రెండవ కోడలైన నిలోఫర్ యువరాణి, తన పరిచారిక ఒకరు ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక మరణించడంతో చలించి దీని స్థాపనకు పూనుకొన్నది.

నేడు పరిస్థితి పూర్తిగా మారిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వైద్యశాలలలో జరిగిన కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. అందువలన ఇల్లా, ఆసుపత్రా అన్న పాత ప్రశ్న చాలావరకు తీరిపోయి, ఏ ఆసుపత్రి అన్న ప్రశ్న మిగిలింది. ఇది మొదటిదానికంటె తేలికైనదేమీ కాదు.

గర్భకాల పరీక్షలు

గర్భం దాల్చిన 12 వారాల లోపు ఏ.ఎన్.ఎం. లేదా ఆశా కార్యకర్త వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. అప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు. భారతదేశంలో కనీసం నాలుగు పరీక్షలు ఉండాలన్నది ప్రభుత్వ నియమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఈ సంఖ్యను ఎనిమిదికి పెంచి సూచించింది. రక్తపోటు, బరువు, హిమోగ్లోబిన్, రక్తపు గ్రూపు, మూత్ర పరీక్ష, మధుమేహ పరీక్ష, హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు ఇందులో ముఖ్యమైనవి. ఇవన్నీ ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన, నాలుగవ నెల దాటిన గర్భిణులను వైద్యులు పరీక్షిస్తారు.

ఈ పరీక్షల కొరకు దూరపు పెద్ద ఆసుపత్రికి పోనవసరం లేదు. దగ్గరలో ఉండి, క్రమం తప్పకుండా వెళ్ళగలిగే చోటే వీటికి మేలైనది. పరీక్షలలో తేలిన విషయాలను బట్టి ప్రసవ స్థలం నిర్ణయం కావాలి.

ఆసుపత్రుల అంచెలు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 24 గంటలు పనిచేసేవి సాధారణ కాన్పులు చేస్తాయి. శస్త్రచికిత్స, రక్తం ఎక్కించడం అక్కడ సాధ్యం కాదు. వాటి పైన సామాజిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రులు, వైద్య కళాశాలలకు చెందిన బోధనాసుపత్రులు ఉన్నాయి. పేరు ఏదైనప్పటికీ చూడవలసినవి మూడు: ప్రసూతి వైద్యులు, మత్తు వైద్యులు రాత్రి వేళ కూడా అందుబాటులో ఉన్నారా, రక్తం దొరుకుతుందా, పుట్టిన బిడ్డకు అవసరమైతే చికిత్స చేసే నవజాత శిశు విభాగం ఉన్నదా. ఆసుపత్రి భవనం ఎంత పెద్దదైనా, ఆదివారం రాత్రి మత్తు వైద్యుడు లేనిచోట అత్యవసర శస్త్రచికిత్స జరగదు. ఈ సంగతిని నొప్పులు మొదలయ్యాక కాక ముందే వెళ్ళి అడిగి తెలుసుకోవాలి.

కాన్పు తరువాత అధిక రక్తస్రావం మొదలైతే, చికిత్స అందని పక్షంలో సుమారు రెండు గంటలలోనే ప్రాణాపాయం కలుగవచ్చు. కాబట్టి ఇంటికి, రక్తనిధి గల ఆసుపత్రికి నడుమ దూరాన్ని కిలోమీటర్లలో కాక ప్రయాణ కాలంలో, అందునా వర్షాకాలపు రాత్రి పట్టే కాలంలో లెక్కించుకోవాలి.

మొదటి కాన్పు సిజేరియన్ అయినవారు, కవలలను మోస్తున్నవారు, బిడ్డ ఎదురుకాళ్ళతో లేదా అడ్డంగా ఉన్నవారు, మాయ గర్భాశయ ద్వారానికి అడ్డుగా ఉన్నవారు, రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు గలవారు, హిమోగ్లోబిన్ 7 గ్రాముల లోపు ఉన్నవారు మొదటినుండి శస్త్రచికిత్స, రక్తం రెండూ లభించే ఆసుపత్రినే ఎంచుకోవాలి. ఒకసారి సిజేరియన్ అయితే మళ్ళీ సిజేరియనే తప్పదన్నది నిజం కాదు. అయితే సహజ కాన్పుకు చేసే ప్రయత్నం ఇటువంటి ఆసుపత్రిలోనే జరగాలి.

పుట్టింటి కాన్పు

ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో సీమంతం జరిపి, గాజులు తొడిగి, అమ్మాయిని పుట్టింటికి తీసుకొనిపోవడం ఆచారం. ఈ ఆచారానికి గట్టి కారణమే ఉన్నది. తొలిచూలు స్త్రీకి తల్లి దగ్గర లభించే విశ్రాంతి, ధైర్యం, బాలింత పథ్యం మరెక్కడా లభించవు. చిక్కు ఆచారంలో లేదు, కాగితాలలో ఉన్నది. అంతవరకు చూసిన వైద్యురాలికి తెలిసిన విషయాలు కొత్త ఊరి వైద్యురాలికి తెలియవు. ఆరవ నెలలో 110/70 ఉన్న రక్తపోటు ఎనిమిదవ నెలలో 138/88 అయితే, మొదటి అంకె తెలిసిన వైద్యురాలు జాగ్రత్తపడుతుంది. తెలియని వైద్యురాలికి అది దాదాపు మామూలు రక్తపోటుగానే కనిపించవచ్చు.

అందువలన సారె సామానుతో పాటు రక్షణ కార్డు, స్కానింగు నివేదికలు, రక్తపు గ్రూపు వివరాలు, వాడుతున్న మందుల చీటీ తప్పక తీసుకొనిపోవాలి. కార్డు మీద ఉండే ఆర్.సి.హెచ్. సంఖ్యను పుట్టింటి ఊరి ఏ.ఎన్.ఎం.కు చూపితే పాత నమోదు ఆధారంగానే సేవలు కొనసాగుతాయి. ప్రసవం జరుగవలసిన ఆసుపత్రిలో నొప్పులకు ముందే కనీసం ఒకటి రెండుసార్లు చూపించుకోవడం మంచిది. అపాయ సూచనలు ఉన్నవారి విషయంలో పుట్టింటి ఊరు వైద్యానికి దూరమైతే, అమ్మాయిని పంపడానికి బదులు తల్లే వచ్చి కూతురి వద్ద ఉండటం ఇటీవల చాలా కుటుంబాలలో కనిపిస్తున్నది. దీనివలన ఆచారానికి వచ్చిన లోటు లేదు.

ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు

2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో సాధారణ కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రాకపోకల వాహనం ఉచితం. 2005 నాటి జననీ సురక్షా యోజన అర్హులైన వారికి నగదు సహాయం కూడా ఇస్తుంది. తెలంగాణలో 2017లో ప్రవేశపెట్టిన కేసీఆర్ కిట్ పథకం ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లవాడు పుడితే 12,000 రూపాయలు, శిశువుకు కావలసిన సామగ్రి ఇవ్వడంతో గర్భిణులను ప్రభుత్వ ఆసుపత్రుల వైపు ఆకర్షించింది. అయినను రద్దీ, ఒక మంచం మీద ఇద్దరు, సిబ్బంది కసురుకోవడం వంటి ఫిర్యాదుల వలన స్తోమత కొద్దిగా ఉన్నవారు సైతం అప్పు చేసి నర్సింగ్ హోంలకు వెళ్ళడం ఉన్నది.

ప్రైవేటు ఆసుపత్రులలో ఏకాంతం, మర్యాద ఎక్కువ. సిజేరియన్లు కూడా ఎక్కువే. పైన చెప్పిన సర్వేలో ప్రైవేటు కాన్పులలో సిజేరియన్లు తెలంగాణలో 81.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇవి వరుసగా 44.5, 26.6 శాతం. జనాభా స్థాయిలో ఈ నిష్పత్తి 10 శాతం దాటిన తరువాత మరణాలు తగ్గుతున్నట్లు ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పేర్కొన్నది. తప్పు అంతా వైద్యులదే అనడానికి వీలులేదు. మంచి నక్షత్రం చూసి ముహూర్తం పెట్టించుకొని, ఆ గడియకే కోత కోయమని అడిగే కుటుంబాలు తెలుగునాట తక్కువేమీ కావు. ఆసుపత్రిని ఎంచుకొనేటప్పుడు అక్కడ నూటికి ఎన్ని సాధారణ కాన్పులు జరుగుతున్నవో, నొప్పుల సమయంలో తోడుగా ఒకరిని ఉండనిస్తారో లేదో అడగడం గర్భిణి హక్కు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ నర్సుల పర్యవేక్షణలో కాన్పులు జరిపే విధానానికి కేంద్ర ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలు ప్రకటించింది. తెలంగాణలో ఇటువంటి శిక్షణ అంతకు ముందే మొదలైంది.

ఏజెన్సీ ప్రాంతాలు

తూర్పు కనుమలలోని గిరిశిఖర గ్రామాలలో ఎంపిక అనే మాటకే అర్థం తక్కువ. రహదారి లేనిచోట గర్భిణిని డోలీ కట్టి, కొండ దింపి, అంబులెన్సు ఆగే చోటికి మోసుకొనిరావలసి ఉంటుంది. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 సేవ కూడా రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. దీనికి విరుగుడుగా నెలలు నిండకముందే గర్భిణులను క్రిందికి తెచ్చి, ప్రసవం వరకు భోజన వసతులతో ఉంచే వసతి గృహాలు ఏర్పడ్డాయి. సాలూరులోని గిరిశిఖర గర్భిణుల వసతి గృహం ఇటువంటిదే. ఇంటివద్ద పిల్లలను, పశువులను చూసేవారు లేక అక్కడ ఎక్కువ రోజులు ఉండలేని స్త్రీలు కూడా ఉంటారు.

విదేశాలలోని తెలుగువారు

ఇంగ్లండులో అపాయ సూచనలు లేని గర్భిణి ఇల్లు, మిడ్‌వైఫ్ కేంద్రం, ఆసుపత్రి అనే మూడింటిలో తనకు నచ్చినదానిని కోరుకోవచ్చు. అక్కడ 2011లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, తొలి కాన్పు ఇంటిలో జరిగితే బిడ్డకు ముప్పు కొంత ఎక్కువని, తరువాతి కాన్పులలో ఆ తేడా కనిపించలేదని తెలిపింది. అక్కడ ఇంటి కాన్పుకు శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ హాజరవుతుంది, అవసరమైతే ఆసుపత్రికి తరలించే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి ఈ ఫలితాలను మన పల్లెలకు అన్వయించరాదు. విదేశాల నుండి పుట్టింటికి వచ్చి పురుడు పోసుకోదలచినవారు ప్రయాణాన్ని ముందుగా నిర్ణయించుకోవాలి. చాలా విమాన సంస్థలు 28 వారాలు దాటితే వైద్యుల ధ్రువపత్రం అడుగుతాయి, 36 వారాలు దాటితే ఎక్కనివ్వవు. కవలలైతే ఈ గడువు ఇంకా ముందే ముగుస్తుంది.