ఒక వస్తువుకి ఒక పేరు

చాలా ఏళ్ళ క్రితం హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మాన్యువల్స్ రాసే ఉద్యోగం చేశాను. ఆ విభాగంలో ఎక్కువమందిమి ఆడవాళ్ళమే. ఒక మాన్యువల్ మూడో అధ్యాయంలో ‘పారామీటర్’ అన్నదాన్నే ఏడో అధ్యాయంలో ‘ఆర్గ్యుమెంట్’ అని రాశారు. చదివేవాళ్ళు రెండూ వేరనుకుంటారు, ఏదో ఒకటే ఉంచుదామన్నాను. “మీరు ఇంగ్లీషు దిద్దండి చాలు, టెక్నికల్ సంగతులు మేం చూసుకుంటాం” అన్నాడు ప్రోగ్రామర్ ఒకాయన. ఏ వస్తువుని ఏ పేరుతో పిలవాలో చూసుకోవడం టెక్నికల్ పని కాదని ఎవరు నిర్ణయించారు? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే చాలామంది స్త్రీలు ఎదురయ్యారు.

‘కంప్యూటర్’ అనే మాటే ఒకప్పుడు మనుషుల్ని సూచించేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి ఫిరంగుల గురి పట్టికలు లెక్కకట్టిన స్త్రీల ఉద్యోగం పేరు అది. వాళ్ళలో ఆరుగురిని 1945లో ఎనియాక్ అనే యంత్రాన్ని నడిపించే పనికి ఎంపిక చేశారు. చివరికి ఆ పేరు యంత్రానికి దక్కింది. ఆ ఆరుగురి పేర్లు బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

1950లలో ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో పరిభాష ఉండేది. ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం పరిభాష కోసం ఒక కమిటీ వేసింది. 1954లో వెలువడిన ఆ సంఘం తొలి ప్రోగ్రామింగ్ పదకోశానికి కమిటీ అధ్యక్షురాలు గ్రేస్ హాపర్. అంతకు రెండేళ్ళ ముందే ఆమె ‘కంపైలర్’ అనే మాట వాడింది. సిద్ధంగా ఉన్న చిన్న చిన్న ప్రోగ్రాముల్ని ఏరి ఒకచోట కూర్చే ప్రోగ్రాము అది, అక్షరాలా సంకలనమే. ఈనాడు కంపైలర్ అంటే మనిషి రాసిన ప్రోగ్రాముని యంత్రభాషలోకి అనువదించేది. మాట అలాగే నిలిచింది, అర్థం జరిగిపోయింది. అందుకే ఆనాటి పత్రాల్ని ఈనాటి అర్థంతో చదివితే పొరబడతాం.

1959లో బరోస్ కంపెనీలో పనిచేసే మేరీ హాస్ ఒక ప్రతిపాదన చేసింది. వ్యాపార లెక్కలకి అన్ని యంత్రాలమీదా నడిచే ఒకే భాష కావాలంది. మే నెలలో పెంటగాన్‌లో సమావేశం జరిగింది. చివరికి ఆరుగురు సభ్యుల చిన్న బృందం ఆ భాషకి రూపమిచ్చింది. అందులో ఇద్దరు స్త్రీలు – జీన్ సామెట్, గెర్‌ట్రూడ్ టియర్నీ. ఆ భాషే కోబాల్.

కోబాల్ మాన్యువల్ చూస్తే మాటలపట్ల ఎంత జాగ్రత్త ఉందో తెలుస్తుంది. పెద్దక్షరాల్లో ఉండి కింద గీత ఉన్న మాట తప్పనిసరి. పెద్దక్షరాల్లోనే ఉండి గీత లేకపోతే రాసినా రాయకపోయినా ఒకటే. చిన్నక్షరాల్లో ఉంటే అక్కడ మన సొంత పేరు పెట్టుకోవాలి. ఈ నియమం మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. ‘స్టేట్‌మెంట్’ వేరు, ‘సెంటెన్స్’ వేరు. స్టేట్‌మెంట్లు కొన్ని కలిసి, చివర చుక్క పెడితే సెంటెన్స్. “పని గంటలు 40 దాటితే అదనపు కూలి లెక్కకట్టు, జీతానికి కలుపు” అనేది ఒకే సెంటెన్స్ అయితే ఆ షరతు రెండు పనులకీ వర్తిస్తుంది. మధ్యలో చుక్క పడిందా, రెండో పని అందరికీ జరిగిపోతుంది. మాన్యువల్ రాసేవాళ్ళు ఈ రెండు మాటల్నీ కలిపేస్తే తేడా వచ్చేది ఎవరిదో జీతంలో. ఇదీ ‘ఇంగ్లీషు దిద్దడం’!

ఇంత శ్రమకి దక్కిన గుర్తింపు మాటేమిటి? తర్వాతి కోబాల్ మాన్యువల్స్‌లో తప్పనిసరిగా అచ్చువేసే కృతజ్ఞతా ప్రకటనలో స్పెర్రీ రాండ్, ఐబీఎం, హనీవెల్ కంపెనీల పేర్లున్నాయి. మనుషుల పేర్లు లేవు.

ఆ ఖాళీలో ‘కోబాల్ తల్లి’ అని హాపర్ పేరు ప్రచారమైంది. మనకీ ఆ మాట నచ్చింది. ‘పితామహులు’ అంతమంది ఉన్నచోట ఒక తల్లి దొరికితే సంతోషం కాదూ! కానీ జీన్ సామెట్ దీన్ని ఒప్పుకోలేదు. భాషని రూపొందించిన కమిటీలో హాపర్ లేదనీ, ఆమె ఆధ్వర్యంలో వచ్చిన ఫ్లోమాటిక్ భాష ప్రభావం మాత్రం చాలా పెద్దదనీ స్పష్టంగా చెప్పింది. సామెట్ 1969లో ప్రోగ్రామింగ్ భాషల చరిత్ర మీద పెద్ద గ్రంథం రాసింది. 1974లో ఏసీఎంకి తొలి మహిళా అధ్యక్షురాలైంది. ఆమెది అసూయ అనుకోవడం తేలిక. నాకైతే అది ఆమె జీవితమంతా చేసిన పనికి కొనసాగింపులా కనిపిస్తుంది. ‘ప్రభావం’ ఒకటి, ‘రూపకల్పన’ మరొకటి. రెండిటికీ ఒకే పేరు పెడితే మేరీ హాస్, టియర్నీ, సామెట్ ముగ్గురూ మాయమైపోతారు. ఒక స్త్రీని గౌరవించబోయి ముగ్గురిని చెరిపేస్తాం.

ఇది కంప్యూటర్లవాళ్ళ గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. మన వ్యాసాలే తీసి చూడండి. ‘జెండర్’ని ఒక పేరాలో ‘లింగం’ అంటాం, ఇంకో పేరాలో ‘లింగ వివక్ష’ అనేస్తాం. వివక్ష వేరే సంగతి కదా! కొత్తగా చదవడానికి వచ్చిన అమ్మాయి ఎక్కడ ఆగిపోతుందో మనం ఆలోచించం. నేను ఈ మధ్య ఒక అనువాదం మొదలుపెడుతూ ముందు ఒక నోటుపుస్తకం తీసి, మాటలు ఒకవైపూ వాటి అర్థాలు ఒకవైపూ రాసుకున్నాను. ఆనాడు కంపెనీలో నన్ను చెయ్యనివ్వని పని అదే.