బరువు తగ్గించడానికి పుట్టి బరువెక్కిన చక్రం

1998లో మెక్‌లారెన్ ఎఫ్1 అనే కారు గంటకి 386 కిలోమీటర్ల వేగం అందుకుంది. రోడ్డు మీద తిరగడానికి అమ్మిన కార్లలో అప్పటికి అదే రికార్డు. దాని చక్రాలు ఎన్ని అంగుళాలో తెలుసా? పదిహేడు! ఇవాళ పిల్లల్ని బడి దగ్గర దింపే ఓ మాదిరి ఎస్‌యూవీకి కూడా పద్ధెనిమిది ఉంటున్నాయి.

ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చిందో చూడాలంటే ఓ వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అల్లాయ్ వీల్ పుట్టిందే బరువు తగ్గించడానికి. అదే అల్లాయ్ వీల్ చివరికి బరువు పెంచే వస్తువుగా ఎలా మారిందన్నదే ఈ టపా. చివర్లో, మీరు కారుకి కొత్త చక్రాలు కొనాలనుకుంటే ఈ కథ మీకెలా పనికొస్తుందో కూడా చెప్తాను.

ముందు కాస్త లెక్క. భయపడకండి, ఇంటర్ ఫిజిక్సే :-)

కారు బరువు రెండు రకాలు. స్ప్రింగుల మీద కూర్చునేది ఒకటి: బాడీ, ఇంజను, మనం. స్ప్రింగుల కింద ఉండేది రెండోది: చక్రం, టైరు, బ్రేకు, హబ్బు. గుంత వచ్చినప్పుడు ఈ రెండోది రోడ్డుని అంటిపెట్టుకుని దిగాలి, మళ్ళీ లేవాలి. అది ఎంత బరువుంటే దాన్ని అదుపులో పెట్టడం స్ప్రింగుకీ డ్యాంపరుకీ అంత కష్టం. టైరు గాల్లో ఉన్నంతసేపు దానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు.

చక్రంలో ఒక కిలో తగ్గితే బాడీలో పది కిలోలు తగ్గినట్టే అని చాలామంది చెప్తుంటారు. లెక్క మాత్రం ఒప్పుకోదు. దొర్లే వస్తువుకి ముందుకెళ్ళే శక్తితో పాటు తిరిగే శక్తి కూడా ఇవ్వాలి కాబట్టి, పికప్ విషయంలో ట్రెడ్ దగ్గరి బరువు దాదాపు రెండింతలు, రిమ్ము దగ్గరి బరువు సుమారు ఒకటిన్నర రెట్లు లెక్కకొస్తుంది. అంతే. వెయ్యి కిలోల కారుకి ఒక్కో చక్రంలో మూడు కిలోల చొప్పున పన్నెండు కిలోలు తగ్గించారనుకోండి. పికప్‌లో అది పద్ధెనిమిది కిలోలు దించినదాంతో సమానం, అంటే రెండు శాతం లోపే. ఇదే సస్పెన్షన్ వైపు నుంచి చూడండి. ఒక మూలన స్ప్రింగు కింద ముప్ఫై కిలోలుంటే అందులో మూడు కిలోలంటే పది శాతం! అసలు లాభం అక్కడుంది. గుంతలున్న రోడ్డు మీద ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ఇక చరిత్రలోకి వెళ్దాం.

మన ఎడ్లబండి చక్రంలో కర్ర ఆకులు ఇరుసు బరువుని కింద నుంచి మోస్తాయి. అందుకే అవి లావుగా ఉండాలి. 1808లో జార్జ్ కేలీ అనే ఇంగ్లీషాయన దీన్ని తిరగేసి ఆలోచించాడు. ఆయన ఎగిరే యంత్రం తయారు చెయ్యాలనుకుంటున్నాడు, దానికి తేలికైన చక్రాలు కావాలి. కర్ర ఆకుల బదులు సన్నటి చువ్వల్ని బిగించి లాగి కడితే చాలన్నాడు. మన సైకిలు చక్రం అదే. తర్వాత చాలా రేసు కార్లు కూడా ఆ చువ్వల చక్రాల మీద పరిగెత్తాయి.

1924లో ఫ్రాన్సులోని లియోన్ దగ్గర జరిగిన గ్రాండ్ ప్రీకి బుగాటి కంపెనీ టైప్ 35 అనే కారుతో వచ్చింది. దానికి చువ్వలు లేవు. ఎనిమిది వెడల్పాటి ఆకులతో అల్యూమినియం పోత పోసిన చక్రాలు! బ్రేకు డ్రమ్ము కూడా ఆ చక్రంలో భాగమే. చక్రం విప్పితే బ్రేకు ఎలా ఉందో కంటికి కనిపించేది. మొదటి రేసు మాత్రం టైర్ల ట్రెడ్ ఊడిపోయి చెడింది, ఆ రోజు ఆల్ఫా రోమియో గెలిచింది. కానీ 1925 నుంచి 1929 దాకా టార్గా ఫ్లోరియో అనే సిసిలీ కొండదారుల రేసుని వరుసగా ఐదుసార్లూ బుగాటిలే గెలిచాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విమానాల పరిజ్ఞానం కార్లలోకి వచ్చింది. అమెరికాలో టెడ్ హాలిబ్రాండ్ రేసు కార్లకి మెగ్నీషియం చక్రాలు పోశాడు. ఘనపు సెంటీమీటరుకి అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే మెగ్నీషియం 1.74 గ్రాములే. "మ్యాగ్ వీల్" అన్న మాట అక్కడిదే. మన దగ్గర బైకుల షాపుల్లో అల్యూమినియం చక్రాన్ని కూడా మ్యాగ్ వీల్ అంటారు చూశారా, లోహం పోయినా పేరు మిగిలింది. ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ 1957లో లోటస్ 12కి ఆకులే లేకుండా, వంపులు తిరిగిన పళ్ళెం లాంటి మెగ్నీషియం చక్రం పెట్టాడు. మెగ్నీషియంతో చిక్కేమిటంటే తేమకి తొందరగా తినేస్తుంది, అంటుకుంటే ఆర్పడం కష్టం. రేసు టీములు తరచూ పరీక్షించుకుని వాడతాయి. ఏళ్ళ తరబడి వానలో నానే మన కారుకి అది నప్పదు.

చిన్న చక్రం ఎంత పని చెయ్యగలదో మినీ చూపించింది. 1959లో వచ్చిన ఆ బుల్లి కారుకి పది అంగుళాల చక్రాలు. అవి లోపల చోటు మిగల్చడానికి పెట్టినవి, రేసుల కోసం కాదు. అయినా 1964, 1965, 1967 సంవత్సరాల్లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. మినీల కోసమే మినీలైట్ అనే ఎనిమిది ఆకుల మెగ్నీషియం చక్రం వచ్చింది. ఇప్పటికీ దాని ఆకారాన్ని కాపీ కొడుతూనే ఉన్నారు.

1966లో పోర్షా 911 ఎస్ కోసం జర్మనీలోని ఓటో ఫుక్స్ కంపెనీ చేసిన చక్రం ఇంకో మలుపు. అది పోత పోసింది కాదు, ఫోర్జింగ్ చేసింది. కమ్మరి ఇనుముని కొట్టి కొడవలి చేసినట్టు, అల్యూమినియం దిమ్మని భారీ ప్రెస్సుల కింద నొక్కి మలచడం అన్నమాట. పోతలో ఎక్కడో ఒకచోట సన్నటి బుడగలు ఉండిపోయే ప్రమాదం ఉంది. ఫోర్జింగ్‌లో లోహం దట్టంగా బిగుసుకుంటుంది. అందుకని తక్కువ లోహంతోనే అంత బలం వస్తుంది. ధర కూడా అలాగే ఉంటుందనుకోండి!

ఇంతవరకూ కథ ఒకే దిశలో నడిచింది. ఇక్కడ తిరిగింది.

1970ల మధ్యలో పిరెల్లి కంపెనీ పీ7 అనే టైరు తెచ్చింది. పక్కగోడ పొట్టి, ట్రెడ్ వెడల్పు. 1977కల్లా పోర్షా 911 టర్బోకి దాన్ని 16 అంగుళాల చక్రాల మీద ఎక్కించారు. పక్కగోడ పొట్టిగా ఉంటే స్టీరింగ్ తిప్పగానే కారు చురుగ్గా స్పందిస్తుంది. చక్రం పెద్దదైతే లోపల పెద్ద బ్రేకు డిస్కు పడుతుంది. రెండూ నిజమైన లాభాలే. కానీ చూసినవాళ్ళకి గుర్తుండిపోయింది మాత్రం పెద్ద చక్రం అందం. 1960ల్లో 911కి 15 అంగుళాల చక్రాల మీద 165 మి.మీ. టైర్లుండేవి. 2019లో వచ్చిన తరంలో మామూలు కారెరాకే ముందు 19, వెనక 20. బ్రేకులకి కావలసినంత పెరిగాక కూడా చక్రం పెరుగుతూనే ఉంది, ఎందుకంటే అది షోరూములో కారుని అమ్ముతుంది.

అన్నట్టు, టైరు మీద రాసే 205/55 ఆర్16లో వెడల్పు మిల్లీమీటర్లలో, రిమ్ము అంగుళాల్లో ఎందుకుంటుందని ఎప్పుడైనా అనుకున్నారా? మన లెగసీ కోడ్ లాంటిదే ఇదీ. మిషెలిన్ 1975లో టీఆర్ఎక్స్ అని రిమ్ముని కూడా మిల్లీమీటర్లలో పెట్టి, 390 మి.మీ. వంటి కొత్త సైజులు తెచ్చింది. ఇంజనీరింగ్ బాగానే ఉంది, కానీ ఆ రిమ్ముకి మామూలు టైరు పట్టదు. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ లేని వెర్షను గతే దానికీ పట్టింది. ఆ కార్లున్నవాళ్ళు ఇప్పటికీ దొరికే కొద్దిపాటి టైర్లకి బోలెడు డబ్బు పోస్తున్నారు. ఎవరూ వాడని సైజు కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఆఖరికి ఫార్ములా 1 కూడా ఈ ఫ్యాషన్‌కి లొంగింది. దశాబ్దాల పాటు 13 అంగుళాల మీద నడిచిన ఆ కార్లు, రోడ్డు కార్లకి దగ్గరగా ఉండాలంటూ 2022లో 18 అంగుళాలకి మారాయి. కారు కనీస బరువు 2021లో 752 కిలోలు, 2022లో 798. ఆ పెరుగుదలలో చక్రాలు, టైర్ల వాటా కూడా ఉంది.

అయితే పాత దారి పట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. 1996లో జపాన్ కంపెనీ రేస్ తెచ్చిన టీఈ37 పేరులో 37 అంటే 3.7 కిలోలు, 15 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పున్న ఫోర్జ్‌డ్ చక్రం బరువు. బరువునే పేరుగా పెట్టుకున్న చక్రం! 2015లో మాజ్డా కొత్త ఎమ్ఎక్స్-5 చేసినప్పుడు, బరువు తగ్గించడానికి చక్రానికి ఐదు బోల్టుల బదులు నాలుగే పెట్టింది. అదే ఏడాది ఫోర్డ్ షెల్బీ జీటీ350ఆర్‌కి కంపెనీ నుంచే కార్బన్ ఫైబర్ చక్రాలు వచ్చాయి.

సరే, మనకి పనికొచ్చేదేంటి?

ఒకటి. బ్రేకు కాలిపర్‌కి తగలకుండా పట్టే అతి చిన్న వ్యాసంతో మొదలుపెట్టండి. కంపెనీ 15 అంగుళాల మీద ఇచ్చిన కారుకి, నాసిరకం 17 అంగుళాల పోత చక్రం పాత స్టీలు చక్రం కన్నా బరువుండచ్చు. అల్లాయ్ అన్న పేరు చూసి తేలిక అనుకోకండి, కొనే ముందు తూకం వేయించండి. టైరుతో కలిపి వేయిస్తే ఇంకా మంచిది.

రెండు. మొత్తం వ్యాసం మారకుండా చూసుకోండి. 205/55 ఆర్16 అంటే 632 మి.మీ., 225/45 ఆర్17 అంటే 634, 225/40 ఆర్18 అంటే 637. స్పీడోమీటరు పెద్దగా తప్పదు. కానీ పక్కగోడ 113 నుంచి 101కి, అక్కణ్ణించి 90 మి.మీ.కి పడిపోయింది. గుంతకీ రిమ్ముకీ మధ్య అడ్డం ఉన్నది ఆ రబ్బరే.

మూడు. బోల్టుల పీసీడీ, ఆఫ్‌సెట్, మధ్య రంధ్రం, మొయ్యగల బరువు, ఈ నాలుగూ మీ కారుకి సరిపోవాలి. జపాన్ చక్రాల మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులుంటాయి. గుర్తుని కూడా నకిలీ చేస్తారు కాబట్టి బిల్లిచ్చే డీలరు దగ్గరే కొనండి. టీఈ37కి నకిలీలు కుప్పలు. ఆకారం కాపీ కొట్టడం తేలిక, ఫోర్జింగ్ కాపీ కొట్టడం కష్టం. అవుటర్ రింగు రోడ్డు మీద వందలో వెళ్తుండగా ఆకు చిట్లితే, మిగిల్చిన ఇరవై వేలు ఎందుకూ కొరగావు.

నాలుగు. ఇండియాలో ఉన్నవాళ్ళకి 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. మీ మోడల్లో ఏదో ఒక వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజులోనే తేలికైన చక్రం వెతుక్కోవడం మేలు.

డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు మంచి టైర్లు కొనండి. రోడ్డుని తాకేది అవే. తర్వాత చక్రాల సంగతి చూసుకోవచ్చు. అప్పుడు కూడా షాపువాడు "పెద్దది వేస్తే లుక్ వస్తుంది సార్" అంటే, బరువెంతో అడగండి. చెప్పలేకపోతే ఇంకో షాపుకి వెళ్ళండి.